కొంగుముడిలో బెల్లం

పక్క క్వార్టరు పిన్ని పోయింది. కిందటి సోమవారం పొద్దున్నే కోహ్కా నుంచి వాళ్ళ కోడలు ఫోను చేసి చెప్పింది. నిద్రలోనే వెళ్ళిపోయిందట. ఫోను మోగేసరికి నేను సుగరు మాత్ర మింగి, ఉప్మా దించుతున్నాను. దాన్ని పొయ్యి మీదే వదిలేసి ఆటో ఎక్కాను.

ఆమె నాకు చుట్టం కాదు. సెక్టర్ 6లో వాళ్ళ క్వార్టరుకీ మాకూ మధ్య ఒకటే గోడ. పెళ్ళయి శ్రీకాకుళం వైపు నుంచి భిలాయి వచ్చిన కొత్తలో నాకు ఈ ఊరి హిందీ నేర్పింది ఆమే. చిన్నాన్నగారు ఉక్కు ప్లాంటులో క్రేను నడిపేవారు. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి భిలాయిలోనే కోహ్కా వైపు ఇల్లు కట్టుకున్నారు. పిన్నిది పెద్ద గొంతు. నాది పక్కవాళ్ళకే వినపడదు. "నీ మాట వినాలంటే నీ నోటికాడ చెవి పెట్టుకుని కూకోవాల" అనేది.

చిన్నాన్నగారికి చక్కెర జబ్బు. మాత్ర వేసుకున్నాక తిండి ఆలస్యమైతే సుగరు పడిపోయి కళ్ళు తిరిగేవి. అందుకని పిన్ని ఎక్కడికి బయల్దేరినా చిన్న బెల్లం ముక్క కాగితంలో చుట్టి కొంగున ముడేసుకునేది. చీమలు పడతాయని మేం నవ్వేవాళ్ళం. "చీమలైతే దులుపుకుంటాను. ఆయన పడిపోతే ఎత్తలేను కదే" అనేది.

నలభై దాటాక నాకూ ఆ జబ్బే వచ్చింది. మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. నవరాత్రుల్లో మా లైను ఆడవాళ్ళందరి చేతా లలితా సహస్రనామం చదివించేదాన్ని నేనే. ఇన్ని పూజలు చేసినదానికి ఈ జబ్బేమిటి అంటారని సిగ్గు. మాత్రలు దేవుడి అరలో కుంకుమ డబ్బా వెనక దాచేదాన్ని.

ఆ ఏడు నవరాత్రుల్లో మాత్ర వేసుకుని ఉపవాసం ఉన్నాను. అలా చెయ్యకూడదని తెలియదు. డాక్టరు దగ్గర ఉపవాసం మాట ఎత్తడానికి కూడా సిగ్గే. సాయంత్రం మా లైను మామ్మగారింట్లో పూజ. సహస్రనామం సగంలో నా నాలుక మడత పడింది. ఒళ్ళంతా చెమట. ఊగిపోతున్నాను.

అమ్మవారు వచ్చిందన్నారు. హారతి పట్టారు. మామ్మగారు నా కాళ్ళకి నుదురు ఆనించారు. ఎవరో దగ్గరికి జరిగి, "అమ్మా, మావోడికి ప్లాంటులో నౌకరీ వస్తాదా?" అని అడిగారు. నాకు అన్నీ వినపడుతున్నాయి, జవాబు మాత్రం రావడం లేదు. ఆ మత్తులో ఒక్క క్షణం, వీళ్ళు అనుకుంటున్నదే నిజమైతే ఎంత బాగుండునని అనిపించింది. జబ్బు కంటే ఆ క్షణం తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ ఎక్కువ సిగ్గు.

పిన్ని అందరినీ తోసుకుని వచ్చి, చిన్నాన్నగారికి చూసినట్టే నా మెడ మీద చెయ్యి వేసి చూసింది.

"ఏటే, మాత్రేసుకున్నావా?"

తల ఊపాను. మడిచీరలో ఉంది కాబట్టి ఆ రోజు ఆమె కొంగున బెల్లం లేదు. చటుక్కున పరమాన్నం గిన్నెలో చెయ్యి పెట్టి, ఇంకా నైవేద్యం కూడా కాని పరమాన్నం నా నోట్లో కుక్కింది. అమ్మవారిది ఎంగిలి చేశావా అని మామ్మగారు కోప్పడ్డారు.

"పూనకం కాదు మామ్మా, దీనికి సుగరు పడిపోయింది. అమ్మోరికి మళ్ళీ వండుతాను. దీన్ని మళ్ళీ వండగలనా?"

అన్నట్టే మళ్ళీ తలారా స్నానం చేసి మళ్ళీ వండింది. నేను మాత్రం ముఖం కప్పుకుని ఇంటికి వచ్చేశాను. ఆ తరవాత చాలా రోజులు కూరలకి కూడా మా ఆయన్నే పంపాను. పిన్ని గోడ అవతలి నుంచి పిలిస్తే పలికేదాన్ని కాదు.

ప్రపంచమంతా ఒకే రోజున ఈ జబ్బు గురించి జనానికి చెప్పాలని అప్పుడప్పుడే మొదలుపెట్టారు. ఆ నవంబరులో మా సెక్టరు మార్కెట్లోనూ ఒక టెంటు వేశారు. హిందీ బ్యానరు కట్టారు, మైకు పెట్టారు, డబ్బు తీసుకోకుండా రక్తం చూస్తామన్నారు. మన తెలుగు ఆడవాళ్ళంతా రోడ్డుకి అవతలి పక్క నుంచి నడిచారట. అక్కడ కూర్చుంటే జబ్బు ఉన్నట్టు ఊరందరికీ చాటుకున్నట్టేనని.

పిన్ని వచ్చి పద అంది. నాకు సిగ్గుగా ఉందన్నాను.

"సిగ్గుంటే సిగ్గుతోనే కూకో. దానికి ఇంకో కుర్సీ అక్కర్లేదులే."

ముసుగు వేసుకుని వెళ్ళాను. రోడ్డుకి ఎదురుగా నన్ను కూర్చోబెట్టి, ముందు తన వేలు చాపింది. ఆ తరవాత మైకు అవసరం లేని గొంతుతో, అవతలి పక్క నుంచి పోతున్న మావాళ్ళని పట్టుకుంది. "ఆ రోజు దీన్ని వరాలడిగారు కదా. ఇయ్యాల ఇది మిమ్మల్ని అడుగుతోంది, వేలు సాపండి."

కొందరు నవ్వారు. కొందరు నడక పెంచారు. మామ్మగారు మాత్రం రోడ్డు దాటి వచ్చి, నా పక్క కుర్చీలో కూర్చుని వేలు చాపారు. ఆవిడ వెనకే మరి కొందరు వచ్చారు. నేను సాయంత్రం దాకా తల ఎత్తలేదు, లేచి కూడా రాలేదు. ఏటా ఆ టెంటుకి వెళ్తూనే ఉన్నాను. సిగ్గు పోయిందంటే అబద్ధమే.

సోమవారం నేను కోహ్కా చేరేసరికి పిన్నిని హాల్లో పడుకోబెట్టారు. చిన్నాన్నగారు గోడకి ఆనుకుని కూర్చున్నారు. పెద్దకొడుకు ఊరి నుంచి రావాలి. శవం లేచేదాకా ఆ ఇంట్లో ఎవరూ పచ్చి మంచినీళ్ళు ముట్టరు. పిన్ని తల దగ్గర కూర్చున్నాను. కాసేపటికి చేతులు వణకడం మొదలైంది. మాత్ర వేసుకున్నాను, తిండి తినలేదు. చావింట్లో తిండి అడగడమా అని ఓర్చుకున్నాను. మెడ మీద చెమట పట్టింది. అక్కడ చెయ్యి వేసి చూసే మనిషి నా ముందే కదలకుండా పడుకుని ఉంది.

కోడల్ని పిలిచి చెప్పాను. వినపడలేదు. "క్యా ఆంటీ?" అంటూ వంగింది.

"నాకు సుగరు. పడిపోయేలా ఉన్నాను. తినడానికేమైనా పెట్టు" అన్నాను. ఈసారి గదిలో ఉన్న అందరూ నా వైపు తిరిగారు.

కోడలు వంటింట్లోకి వెళ్ళలేదు. లోపలి గదిలో దండెం మీద ఉన్న చీర తెచ్చింది. ముందు రోజు పిన్ని గుడికి కట్టుకుని వెళ్ళిన చీర. కొంగుముడి బిగుసుకుపోయి, పళ్ళతో లాగితే గాని రాలేదు. కాగితం విప్పి నా చేతిలో పెట్టింది. అందరూ చూస్తుండగా, పిన్ని పక్కనే కూర్చుని, తల వంచుకుని ఆ బెల్లం తిన్నాను. వణుకు తగ్గాక చూస్తే, చీర నా ఒళ్ళోనే ఉంది. ముడి విప్పినా కొంగు చివర ఇంకా ముడుచుకునే ఉంది.