గడప దాటని ఫోల్డరు

కోయంబత్తూరులో ఒక నూలు మిల్లులో పని చేస్తాను. అక్కడి కంప్యూటర్లలో ఎవరు ఏ ఫైలు చూడవచ్చో, ఎవరు మార్చవచ్చో తేల్చేది నేనే. ఆ పనితనం ఇంట్లో చూపించబోయి చెల్లెలికి చేసిన అన్యాయం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అమ్మ పోయిన ఆరు నెలలకు, మిల్లులో పక్కన పడేసిన పాత కంప్యూటరు ఒకటి అడిగి తెచ్చి, మెట్ల కింద పెట్టి ఇంటి సర్వరు చేశాను. ఫోటోలు, భూమి పత్రాలు, పెళ్ళి వీడియోలు అన్నీ అందులో సర్దాను. నాన్నకు, నాకు, నా భార్యకు, అవినాశిలో కాపురమున్న చెల్లెలికి తలా ఒక పాస్‌వర్డు. ఏ ఫోల్డరు ఎవరికి తెరుచుకోవాలో నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. అన్నిటికీ తలూపిన మనిషి ఒక్కదాని దగ్గర ఆగాడు.

అది పెట్టెలో ఉంచి కొలిచే మా ఇంటి దేవుడి పూజ ఫోల్డరు. అందులో అమ్మ పాడిన దేవుడి పాట ఉంది. ఆ పాట అత్త నోటి నుంచి కోడలికి రావాలి. ఇంట్లో పుట్టిన ఆడపిల్ల వింటూ పెరుగుతుంది గాని నేర్చుకోకూడదు. పెళ్ళయ్యాక మెట్టినింటి దేవుడే ఆమె దేవుడు. మదురై నుంచి వచ్చిన నా భార్యకు ఆ పాత మాటలు నోరు తిరగక, విని నేర్చుకుందామని అమ్మ పాడుతుంటే ఫోనులో రికార్డు చేసుకుంది. నేర్చుకునేలోగా అమ్మ పోయింది. మా ఇళ్ళలో తెలుగు నోటికే గాని కంటికి తెలియదు, చదువులన్నీ అరవంలోనే. నేనే ఈ అక్షరాలు నలభై దాటాక దిద్దుకున్నాను. కాబట్టి పాటను రాసిపెట్టినవాళ్ళు లేరు. పెళ్ళి వీడియోల్లో అమ్మ కనిపిస్తుంది, మేళం మోతలో గొంతు మాత్రం వినపడదు.

“పాపకి ఇది వద్దురా,” అన్నాడు నాన్న, చెల్లెల్ని ఉద్దేశించి. “కట్టిచ్చిన బిడ్డకి మన సామి లేదు. సామి పెట్టె గడప దాటకూడదు, తెలుసు గదా?”

“ఇది పెట్టె కాదు నైనా, ఫోల్డరు.”

“రెండూ ఒకటే.”

వాదించవచ్చు. వాదించలేదు. చెల్లెలి పేరు పక్కన టిక్కు తీసేశాను. మిగతా ఫోల్డర్లన్నీ వారానికోసారి బయట క్లౌడులోకి కాపీ అయ్యేలా పెట్టి, గడప దాటకూడదన్నాడు కదా అని దీన్ని మాత్రం తప్పించాను. భార్య ఫోనులో ఉన్నది కూడా చెరిపేశాను. మిల్లులో ఇంకెవరైనా ఒక ఫైలును ఇలా ఒక్కచోటే ఉంచితే చెడామడా తిట్టి ఉండేవాణ్ణి.

అమ్మ సంవత్సరీకానికి చెల్లెలు వచ్చింది. భోజనాలయ్యాక ఫోను పట్టుకుని మెట్ల మీద కూర్చుంది.

“అన్నా, అమ్మ పాట తెరుచుకోలేదే? పాస్‌వర్డు తప్పుగా కొడుతుండానా?”

అనుమతి లేదని తెర మీద ఇంగ్లీషులో ఉంది. అది చదివి ఫోను తిరిగి ఇచ్చేశాను.

“సర్వరులో ఏదో కోళారు, పని చెయ్యడం లేదు. సరిచేస్తాలే,” అన్నాను.

“ఒక్కసారి విని పెట్టేస్తాను. పాడనులే అన్నా.”

అంటే ఎందుకు తెరుచుకోలేదో దానికి తెలుసు. సాయంత్రం బస్సెక్కేటప్పుడు మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత ఫోనులో రెండుసార్లు, “కోళారు పొయ్యిందా?” అని అడిగింది. తర్వాత అదీ మానేసింది.

ఐప్పసి నెల వానల్లో కరెంటు నాలుగైదు సార్లు పోయి వచ్చి డిస్కు చచ్చిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, దాన్ని సంచిలో వేసుకుని ఊళ్ళో ఉన్న రిపేరు షాపులన్నీ తిరిగాను. అందరూ తల అడ్డంగానే ఊపారు. ఫోటోలు, పత్రాలు, వీడియోలు క్లౌడు నుంచి తిరిగి వచ్చాయి. పాట రాలేదు, నా భార్యకూ అది ఇంకా నోటికి పట్టలేదు.

నాన్న రెండు రోజులు సరిగా తినలేదు. మూడోనాడు నా గదిలోకి వచ్చి మంచం చివర కూర్చున్నాడు.

“పాపకి ఫోను చెయ్యిరా. దాని దగ్గర ఉంటుంది.”

“దానికెక్కడిది నైనా?”

“నేను వద్దంటే మాత్రం?” అని నా ముఖంలోకి చూశాడు. ఆయన కళ్ళలో అంత ఆశ అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూశాను. “నాకు తెలీకుండా ఇచ్చే ఉంటావు. కూడబుట్టింది గదరా. ఇచ్చినావు గదా?”

“లేదు నైనా,” అన్నాను. “నీ మాటే విన్నాను.”