మణెమ్మ బిగించిన స్విచ్చు

పామర్రులో బందరు రోడ్డు పక్కన ఉన్న ఏసుపాదం ఆటో ఎలక్ట్రికల్స్ తెలియని డ్రైవరు ఆ చుట్టుపక్కల లేడు. అంత పేరున్న ఏసుపాదానికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదన్న సంగతి మాత్రం ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి అతని భార్య మణెమ్మ.

బండిలో తీగలను రంగుల్ని బట్టే గుర్తుపట్టాలి. పెళ్లయిన కొత్తలో ఏసుపాదం ఒక వ్యానుకి బ్రేకు లైటు బాగుచేశాడు. ఆ తర్వాత బ్రేకు తొక్కినప్పుడల్లా హారను మోగేది. అప్పటినుంచి మణెమ్మ మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి, సాయంత్రందాకా మొగుడి పక్కనే కూర్చోవడం మొదలుపెట్టింది. "ఎరుపు... దాని పక్కది పసుపు... అది కాదు, ఇవతలిది" అని గొంతు తగ్గించి చెప్పేది. చూసినవాళ్లు "మొగుణ్ణి గంటసేపు కూడా వదిలి ఉండలేదు, ఎంత ప్రేమో!" అని మురిసిపోయేవారు. ఇరవై రెండేళ్ల ఆ ప్రేమలో ఆవిడకి పని మొత్తం వచ్చేసింది. వచ్చా అని ఎవరూ అడగలేదు. ఆవిడా చెప్పుకోలేదు.

పోయిన వానాకాలంలో ఏసుపాదానికి చికున్‌గున్యా వచ్చి కీళ్లు బిగుసుకుపోయాయి. మంచం దిగడమే కష్టమైంది. మణెమ్మ ఒక్కతే వెళ్లి షాపు తెరిచింది. వచ్చినవాళ్లు "మేస్త్రీ లేడా?" అని షాపంతా వెతికినట్టు చూసి, ఎదురుగా పానా పట్టుకుని నిలబడ్డ మనిషి కనబడనట్టే వెళ్లిపోయేవారు.

ఆ సమయంలోనే చల్లపల్లిలో చీరల కొట్టున్న హరిబాబు కొత్త కారేసుకుని వచ్చాడు. ఆయనకొచ్చిన కష్టం పగవాడికి కూడా రాకూడదు. ఇంజను స్టార్ట్ చేస్తే చాలు, పట్టపగలు కూడా ముందు లైట్లు వాటంతటవే వెలుగుతున్నాయి. ఎదురొచ్చే ప్రతి మోటారుసైకిలువాడూ పిడికిలి మూసి తెరిచి, లైట్లు ఆర్పమని సైగ చేస్తున్నాడు. ఆటోలవాళ్లయితే తల బయటపెట్టి మరీ అరుస్తున్నారు.

"చల్లపల్లి నించి ఇక్కడికొచ్చేలోపు ముప్పై ఒక్కమంది చెప్పారమ్మా! బెజవాడ షోరూములో అడిగితే, కంపెనీ అట్లాగే ఇచ్చిందండీ, ముట్టుకుంటే వారంటీ పోద్దండీ అన్నారు. పోతే పోయింది. నాకో స్విచ్ పెట్టించు. మేస్త్రీ ఎప్పుడొస్తాడు?"

"ఇంకో రెండు వారాలు రారండీ. నేను పెడతాను."

హరిబాబు మొహమాటంగా నవ్వాడు. "నువ్వు పెడతావు, కాదన్లేదు. ఓసారి ఆయనకి ఫోన్ చెయ్. వీడియోలో చూసి చెప్తాడు."

మణెమ్మ అప్పటికే ఇంజను ఆన్ చేయించి, ఏ తీగలో కరెంటు వస్తోందో చూడ్డానికి లైటు వెనక తీగలకి టెస్ట్ ల్యాంప్ తగిలిస్తోంది. ఫోను కలిపి హరిబాబు చేతికిచ్చింది. తెరమీద దుప్పటి కప్పుకున్న ఏసుపాదం ప్రత్యక్షమయ్యాడు. హరిబాబు భక్తిగా ఫోనుని బానెట్ లోపలికి చూపించాడు.

"అదిగో మణీ, నీ చేతిలో ఉన్న ఎర్ర తీగే! అదే కొయ్యి!" అన్నాడు ఏసుపాదం మూలుగుతూనే.

మణెమ్మ చేతిలో ఉన్నది ఆకుపచ్చ తీగ.

"ఎర్రదేందయ్యా? అది చిలకాకుపచ్చ!" అన్నాడు హరిబాబు. "పొద్దున లేస్తే రంగులమ్ముకు బతికేవాణ్ణి, నాకు తెలీదా?"

తెరమీద ఏసుపాదం మొహం పాలిపోయింది. మణెమ్మకి ఇరవై రెండేళ్లు కాపాడిన గుట్టు చీరల కొట్టాయన ముందు విప్పేసినట్టయింది.

"ఫోనులో రంగులు మారిపోతాయండీ" అంది తలెత్తకుండా. హరిబాబుకి వెంటనే నమ్మకం కుదిరింది. ఫోనులో చీర ఒక రంగు, కొట్టులో ఇంకో రంగు అని రోజూ గొడవపడే ఆడవాళ్లు ఆయనకి కొత్త కాదు.

ఆవిడ ఫోను కట్టేసి, ఇంజను ఆపించి, బ్యాటరీ తీగ విప్పింది. ల్యాంపు చూపించిన తెల్ల తీగని కోసి, ఫ్యూజు తగిలించి, రెండు కొసల్నీ స్టీరింగు పక్కకి లాగి స్విచ్ బిగించింది. వేరే తీగ మీద నడిచే, రాత్రి వేసుకునే హెడ్‌లైట్ల జోలికి పోలేదు. గంటలో పని ముగిసింది. హరిబాబు స్విచ్ పదిసార్లు నొక్కి, చిన్నపిల్లాడిలా పొంగిపోయి, "మంచాన పడుండి కూడా ఫోనులోనే చేయించాడు చూడు, మహానుభావుడు!" అంటూ వెళ్లిపోయాడు. ఆ మాటే దారిపొడుగునా చెప్పుకుంటూ పోయాడు.

మణెమ్మ ఇంటికొచ్చేసరికి ఏసుపాదం గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. "నా పరువు నిలబెట్టావు" అన్నాడు.

"మళ్లీ ఎవరన్నా అడిగితే మీరే చెప్పండి. మీ తరఫున అబద్ధాలాడ్డం ఇంక నా వల్ల కాదు" అంది మణెమ్మ, గంజి గ్లాసు అందిస్తూ. ఆ మాట పైకి అనడానికి ఆవిడకి ఇన్నేళ్లు పట్టింది. అన్నాక ఒళ్లు తేలికైంది.

మూడు వారాలకి ఏసుపాదం కుంటుకుంటూ షాపుకొచ్చాడు. హరిబాబు మాట విని, స్టీఫెన్ గారనే హైస్కూలు మాస్టారు అదే స్విచ్ కోసం కారు తెచ్చారు.

ఏసుపాదం గొంతు సవరించుకున్నాడు. "మాస్టారూ, నాకసలు రంగులు తెలవ్వండీ. ఇన్నేళ్లూ ఈవిడే చెప్పింది. ఆ స్విచ్ కూడా ఈవిడే పెట్టింది."

మాస్టారు ఫక్కున నవ్వారు. "గొప్పవాళ్లందరూ ఇట్లాగే మాట్లాడతారయ్యా! సరే, ఆవిడ చేత్తోనే కానివ్వు. నువ్వు మాత్రం ఓసారి కారు ముట్టుకో, చాలు."

ఏసుపాదం భార్య వైపు చూశాడు. ఆవిడ నవ్వాపుకుంటూ తలూపింది. అతను లేచి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, మళ్లీ కూర్చున్నాడు. మాస్టారు తృప్తిగా టీకి వెళ్లారు. మణెమ్మ బ్యాటరీ తీగ విప్పడం మొదలుపెట్టింది.