తిన్నగా గుచ్చిన నీళ్ల బొమ్మ

ఇంతకాలం ఎందుకు రాయలేదంటే, మొదట నాకు అక్షరాలు రావు. అవి వచ్చాక ధైర్యం రాలేదు. తొమ్మిదేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నాంపల్లిలో ఒక ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ ఊడ్చి తుడిచే పని నాది. కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పడానికి వచ్చిన మెదక్ మేడం, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూశాక, నా చేత అక్షరాలు దిద్దించేది. నన్ను అక్కా అని పిలిచేది.

తనిఖీ వాళ్లు వచ్చే రోజు పొద్దున బల్ల తుడుస్తుంటే, నీటి అణువు ఎలా ఉంటుందో చూపడానికి ముందురోజు మేడం చేసిపెట్టిన నీళ్ల బొమ్మ పడి ఊడిపోయింది. థర్మాకోల్ ఉండలు, ఎర్రది ఒకటి, తెల్లవి రెండు. వాటిని కలిపే అగరుబత్తి పుల్లలు. ఇంకా రెండు కాగితపు రేకులు, వాటి చివర ఏ ఉండా లేదు. పక్క బొమ్మలో మూడు ఉండలూ ఒకే వరసలో ఉన్నాయి. దాన్ని చూసి దీన్నీ తిన్నగా గుచ్చాను. రేకులు పనికిరానివనుకుని చెత్తలో వేశాను.

మేడం వేరే క్లాసులో ఉంది. తనిఖీకి వచ్చినాయన ఆ బొమ్మ ఎత్తి, నీళ్ల ఆకారం ఏమిటని ఒక పిల్లను అడిగాడు. ఆ పిల్ల బొమ్మను చూసి, నీళ్లది తిన్నని ఆకారం, ధ్రువాలు లేవు అంది. వచ్చినవాళ్లు నవ్వారు.

సాయంత్రం ప్రిన్సిపాల్ మా ఇద్దరినీ పిలిచాడు.

"నేను వంచే పెట్టిన సార్," అంది మేడం.

"నువ్వేమన్న ముట్టినవా?" అని నన్నడిగాడు.

"లేదు సార్. మేడమే గట్ల పెట్టింది. నేను చూసిన."

మేడం నా ముఖం చూసింది. ఆ ఏడాదితో ఆమె కాంట్రాక్టు ఆపేశారు.

ఎందుకన్నాను ఆ మాట? ఉద్యోగం పోతుందనా? చెయ్యి తగిలి పడింది సార్ అంటే తిట్టి వదిలేసేవారే. చదువు రానిది చదువు వస్తువు చెడగొట్టిందని నవ్వుతారని భయపడ్డాను. ఆ నవ్వు తప్పించుకోవడానికి, నాకు చదువు చెబుతున్న మనిషికే చదువు రాదనిపించాను.

ఆమె ఎక్కడుందో తెలియదు. మిగతా అక్షరాలు బస్తీలో సాయంత్రం బడిలో నేర్చుకున్నాను.

నిన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద తెలుగు మీడియం ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకం కొన్నాను. ఇంటికొచ్చి వేలు పెట్టి చదివాను. నడిమి పరమాణువు చుట్టూ ఎలక్ట్రాన్లు నాలుగు జంటలు. రెండు జంటలు తెల్ల ఉండలను పట్టుకుంటాయి. రెండు ఎవరినీ పట్టుకోకుండా ఉంటాయి. ఆ ఒంటరి జంటలే మిగతావాటిని గట్టిగా తోస్తాయి, అందుకే నీళ్ల బొమ్మ వంగుతుంది. వంగింది కాబట్టే దానికి ఒకవైపు రుణం, ఒకవైపు ధనం. తిన్నగా ఉంటే రెండువైపుల లాగుడూ ఒకదాన్నొకటి కొట్టేసుకునేది. నేను చెత్తలో వేసిన రేకులు ఆ ఒంటరి జంటలే.

ఇవాళ పొద్దున నేను చేసిందంతా ఒక కాగితం మీద రాసి, కాలేజీ ఆఫీసులో క్లర్కుకు ఇచ్చాను.

"ఏందమ్మా, లీవ్ లెటరా?"

"కాదు సార్. జర చదువుండ్రి."

చదివాడు. తర్వాత అలవాటు కొద్దీ వేలిముద్రకు సిరా డబ్బీ నా వైపు జరిపాడు. నేను పెన్ను అడిగాను. నా పేరు మొత్తం రాశాను.