ఒక చెవి వీధికి

కుర్చీలు అల్లే బాబాయికి చూపు లేదు. పిన్ని చెయ్యి పట్టుకోకుండా ఒక్కడే పనికి వెళ్లాలని ఆయన పంతం. అందుకే ఉపగ్రహాల సాయంతో దారి చెప్పే పరికరం కొనబోయాడు. రెండు చెవులూ మూసేదొకటి పెట్టుకుని దుకాణం ముందు నడిచి చూశాడు. మధ్యలో మాట్లాడనని ఒట్టేసిన పిన్ని వెనకే నడిచింది.

“నేరుగా వెళ్లండి,” అంది చెవిలో గొంతు. ఎదురుగా ఆ పొద్దునే తవ్విన గుంట ఉంది. పిన్ని ఒట్టు తీసి గట్టున పెట్టి అరిచింది. ఆయనకు వినపడకపోయేసరికి చొక్కా పట్టుకుని లాగింది.

“ఈవిడ నీకంటే తియ్యగా చెబుతోందే,” అన్నాడు బాబాయి తేరుకుని.

“అవును, తియ్యగానే గుంటలో దించేది మిమ్మల్ని.”

బాబాయి ఒక చెవికే పెట్టుకునేది కొన్నాడు.

“రెండో చెవి నా కోసమేనా?”

“నీకు కాదు, వీధికి. రేపు ఒక్కణ్ణే వెళ్తా.”

మర్నాడు పిన్ని చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వెనకే వెళ్లింది. మలుపు దగ్గర బాబాయి ఆగాడు.

“గాజులు కూడా తీసి రావాల్సింది,” అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.