సమస్య నిలవని అచ్యుతరామయ్య

సమస్యలున్నవాళ్లు లోకమంతా ఉన్నారు. కాశీలో చూశాను, కొచ్చిలో చూశాను, రైలు తప్పిపోయిన రోజు ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద నాలోనే చూసుకున్నాను. తన దగ్గర ఒక్క సమస్యా నిలవడం లేదని దిగులుపడే మనిషిని మాత్రం విశాఖపట్నంలోనే చూశాను. పేరు అచ్యుతరామయ్య. అమలాపురం దగ్గర్నుంచి వచ్చి, ముప్ఫై రెండేళ్లు ఉక్కు కర్మాగారంలో పనిచేసి, పెందుర్తిలో ఇల్లు కట్టుకుని, అరవయ్యో ఏట బిజినెస్ మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీకి చేరాడు. ఇప్పుడు అరవై ఆరు. ఇంకా మొదటి పేజీలోనే ఉన్నాడు.

ఆ చదువులో మొదటి మెట్టు సమస్య రాయడమట. ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ అంటారు. ఎక్కడ, ఎవరికి, ఏం చెడుతోంది, దాని గురించి ఇంకా తెలియనిదేమిటి అన్నది ఒక్క పేజీలో తేల్చాలి. దాని కింద పరిశోధన ప్రశ్నలు రాయాలి. అవునూ కాదూ అని జవాబొచ్చే ప్రశ్న పనికిరాదు. మరీ పెద్దదైతే తెమలదు, మరీ చిన్నదైతే నిలవదు. దొరికిన పుస్తకమల్లా చదివిన నాకు ఈ సంగతి మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ తలూపాను.

ఆయన భార్య భ్రమరాంబ తల కూడా ఊపలేదు. "అన్నయ్యగారూ, ఆరేళ్లయిందండీ. ఈయనకి సమస్య రావట్లేదు. ఏ దేవుడికి మొక్కుకోమంటారు?"

"సమస్య రాకపోతే మంచిదే కదమ్మా?"

"మంచిదేనండీ. ఆ గైడమ్మ ఒప్పుకోవట్లేదు!"

పొరపాటంతా 'సమస్య' అన్న మాట దగ్గరే జరిగిందని నా అనుమానం. అచ్యుతరామయ్య చిన్నప్పట్నుంచీ అవధానాలు చూస్తూ పెరిగాడు. అక్కడ పృచ్ఛకుడు తలాతోకా లేని పద్యపాదం ఒకటి విసురుతాడు. అదే సమస్య. అవధాని మిగతా పాదాలు చెప్పి దాన్ని పూరించాలి. పూరించకుండా వదిలేస్తే నిండు సభలో పరువు పోతుంది.

ఆటోనగర్‌లో కామరాజు అనే ఆయనకి లేత్ వర్క్‌షాపు ఉంది. "ఏటి సెయ్యాలో తెల్దు బావగారూ. నెల తిరక్కుండా పనోళ్లు మానేస్తన్నారు," అన్నాడు. అచ్యుతరామయ్య కళ్లు మెరిశాయి. చిన్న కార్ఖానాల్లో పనివాళ్లు ఎందుకు నిలవరన్నది మొదటి ప్రశ్నగా రాసుకుని, మూడ్రోజులు గేటు దగ్గర కూర్చున్నాడు. పని దిగే టైముకి పది నిమిషాల ముందే వాళ్ల ఊరి బస్సు వెళ్లిపోతోందని కనిపెట్టాడు. కామరాజుతో చెప్పి పనివేళలు అరగంట ముందుకి జరిపించాడు. ఆ తర్వాత ఒక్కడూ మానలేదు.

గైడు శ్రీసత్యకి ఆయన కూతురి వయసుంటుంది. "సార్, మీ సమస్య ఏమైంది?" అంది.

"పూరించేశానమ్మా!"

"పూరించకూడదు సార్. ఉందని చూపించాలి. తర్వాత చదవాలి, సర్వే చెయ్యాలి, విశ్లేషించాలి. మూడేళ్లు పడుతుంది."

"మూడేళ్లా? అందాకా వాళ్లు ఇంటికి నడిచి వెళ్లాలా?"

ఇలాగే మరో రెండు సమస్యలు ఆయన చేతిలో హరీమన్నాయి. చివరికి యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. సోమవారం కమిటీ ముందు సమస్య పెట్టాలి, లేదంటే రిజిస్ట్రేషన్ రద్దు.

"డాక్టరు అనిపించుకోకుండానే పోతానేమో బావా," అన్నాడు. ఆయన భయపడగా చూడటం అదే మొదటిసారి.

శుక్రవారం పొద్దున్నే నేనే జాలరిపేట తీసుకెళ్లాను. పడవలు అప్పుడే ఒడ్డుకొచ్చాయి. డాక్టరు చదువుకి మీ కష్టాలు రాసుకుంటానన్న అచ్యుతరామయ్యని చేపలమ్మే పోతమ్మ ఎగాదిగా చూసింది.

"ఏటి బాబూ, మా కట్టాలు రాసుకుంతన్నావ్? మందేటైనా రాస్తావేటి?"

"నీ కష్టమేంటో చెప్పమ్మా."

"ఏటుంది! సేపలు ఆరింటికొస్తాయి, ఐసుబండి ఎనిమిదింటికొస్తాది. ఈలోగా ఎండకి సేప వొడిలిపోతాది. బేరగాడు మూతి ముడిసీసి అయినకాడికి అడుగుతాడు."

"దొరికింది బావా!" అంటూ ఇసుకలోనే కూలబడి, కాగితం మీద ముందు కందపద్యం చివరి పాదం రాశాడు. "మంచే కాల్చెను గద మన మత్స్యంబులనున్." దాని కింద ఒక పేజీ సమస్య, మూడు ప్రశ్నలు.

"సోమవారం దాకా దీన్ని ముట్టుకుంటే నామీదొట్టు," అన్నాను.

"ముట్టుకోను బావా."

సోమవారం కమిటీ గది తలుపు తెరిచే ఉంది. నేను వరండాలో బల్ల మీద కూర్చున్నాను. ఛైర్మన్ నరసింహమూర్తిగారు కాగితం రెండుసార్లు చదివారు.

"పైన పద్యం ఎందుకో అర్థం కాలేదుగానీ, ఇంత తేటగా రాసిన సమస్య ఈ మధ్య చూడలేదండీ. ప్రశ్నలూ బావున్నాయి. ఇప్పటికీ ఉందా ఇది?"

ఉందండీ అంటే సరిపోయేది. మూడక్షరాలు. నేను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను.

"శనివారం దాకా ఉందండీ," అన్నాడు అచ్యుతరామయ్య.

ఐసు ఫ్యాక్టరీకి వెళ్లాడట. బండి ముందు హోటళ్లకి తిరిగి ఆ తర్వాత జాలరిపేట వస్తోందట. హోటళ్లవాళ్లు తొమ్మిదింటికిచ్చినా చాలన్నారట. డ్రైవరుతో వరస తిరగేయించాడట. ఇంతకాలం ఆ సంగతి ఎవరూ అడగలేదట!

రిజిస్ట్రేషన్ రద్దయింది.

"పీహెచ్‌డీ అంటే ఏంటో ఆయనకి చివరిదాకా అర్థం కాలేదమ్మా," అన్నాను, బయటికొచ్చిన శ్రీసత్యతో. ఆమె నవ్వి ఫైలు తెరిచింది. నాలుగు సమస్యలు, నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి.

"నా స్టూడెంట్లలో అందరికంటే ముందు అర్థమైంది ఆయనకేనండీ. కష్టపడే మనిషిని ఎదురుగా పెట్టుకుని, ఆ కష్టాన్ని మూడేళ్లు దాచుకోలేరు. ఆ పూరణం గోలంతా నేను కోప్పడకుండా నవ్వించడానికి."

అంటే ఇన్నాళ్లూ అర్థంకానివాణ్ణి నేనొక్కణ్ణే.

మర్నాడు జాలరిపేట రోడ్డు మీద, అచ్యుతరామయ్య పక్కనుండగానే, పోతమ్మకి సంగతంతా చెప్పేశాను. ఆమె నెత్తిమీది తట్ట దింపి, నడుం మీద చెయ్యేసి ఆయన వైపు తిరిగింది.

"అదేటి బాబూ! మా ఐసు బేగొచ్చిందని నీ డాకట్రు పోయిందా? ముందే సెప్పొచ్చు గదా, ఇంకో వారం కట్టపడుందుం!"

అచ్యుతరామయ్య సిగ్గుపడిపోయాడు.

"పోన్లే, ఇంకోటుంది రాసుకో. సేపల తట్ట సూస్తే ఆటోవోళ్లు ఆపట్నేదు. దీన్ని మాత్తరం తీర్సీకు మరి!"

"తీర్చనమ్మా," అంటూ నోటుబుక్కు తీశాడు. మొదటి ప్రశ్న చక్కగా రాశాడు. రెండోది సగం రాసి, అటుగా వస్తున్న ఆటోకి చెయ్యెత్తాడు.