డైనింగ్ టేబుల్ మీద దండయాత్ర

వాచీల బాబాయికి ఒకటే జబ్బు. ఇంటికొచ్చిన మనిషిని కూర్చోమనడు, నిలబడమంటాడు. వచ్చినవాళ్లు చెప్పులైనా విప్పకముందే చేతికో గొడుగిచ్చి, "కాస్త ఎడమ మోకాలు వంచండి. ఆఁ, అంతే! కదలకండి" అంటాడు. ఆ గొడుగు తుపాకీ. వచ్చినవాడు, తనకి తెలిసినా తెలియకపోయినా, నెపోలియన్ కాలిబంట్లలో చేరిపోయినట్టే.

నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన మనిషి. కొట్టు మూసేశాక చేతులు ఊరుకోలేదు. వేలెడేసి ప్లాస్టిక్ సైనికుల్ని రెండు వందల నలభైమందిని పోగేసి, రంగులు వేసి, డైనింగ్ టేబుల్ మీద ఏకంగా యుద్ధరంగమే పరిచేశాడు. రంపపు పొట్టుతో నేల, టీ పిప్పితో బురద, దూదితో పొగ. కంటికి భూతద్దం తగిలించుకుని మూడు వెంట్రుకల కుంచెతో సైనికుల కోటు గుండీలు దిద్దుతుంటే, పక్కన పిడుగు పడ్డా పలకడు. తన చొక్కాకి మాత్రం రెండే గుండీలు.

గ్యాసు బండ తెచ్చినవాణ్ణి భుజం మీంచి బండ దించనివ్వకుండా, ఫిరంగి మోసేవాడి నడుం ఎలా వంగుతుందో చూశాడు. అప్పట్నుంచి వాడు బండని గేటు దగ్గరే వదిలేసి, బెల్లు కొట్టి పారిపోతున్నాడు. ఇంటింటి లెక్కలు రాసుకునే ఉద్యోగిని వచ్చి, "ఇంట్లో ఎంతమందండీ?" అని అడిగితే, "రెండు వందల నలభై రెండు" అన్నాడు. ఆవిడ పాపం రాసేసుకుంది కూడా.

ఈ యుద్ధంలో అందరికంటే నష్టపోయింది ఆయన భార్య, వీధిలో అందరికీ పిన్ని. పదిహేను నెలలుగా కంచం ఒళ్లో పెట్టుకుని తింటోంది.

"ఆ నెపోలియన్ మహానుభావుడు చివరికి ఓడిపోయాడట కదా! మరి నా బల్ల మీద ఎలా గెలిచాడండీ?"

"ఇంకా యుద్ధం మొదలే అవ్వలేదే! తుపాకులు నింపుకుంటున్నారు."

"పదిహేను నెలల్నుంచా?"

ఇప్పుడు పిన్నికి పరువు సమస్య వచ్చిపడింది. ఆదివారం మధ్యాహ్నం అక్కా బావగారూ భోజనానికి వస్తున్నారు. కిందటిసారి అక్క కంచం ఒళ్లో పెట్టుకుని, "మా ఇంట్లో కుక్కకి కూడా ఓ పీట ఉందే" అంది. ఆ మాట పిన్ని గుండెల్లో ముల్లులా ఉండిపోయింది.

"ఆదివారానికి బల్ల ఖాళీ అవ్వకపోతే మీ సైన్యం మొత్తాన్ని బకెట్లో పోస్తాను. నా మాటంటే మాటే" అంది.

"అంతా అయిపోయిందే. ముందు వరసలో ఒక్కడే మిగిలాడు. వాడి కుడి చెయ్యి కుదిరిందా, మొత్తం పట్టుకెళ్లి లైబ్రరీ అద్దాల బీరువాలో పెట్టేస్తాను."

ఆ చెయ్యి మూడు నెలలుగా కుదరడం లేదు. కుదరకపోవడానికి కారణం పక్కింటి డ్రిల్లు మాస్టారని పిన్ని అనుమానం. ముప్పై ఏళ్లు బడిపిల్లల్ని ఎండలో నిలబెట్టిన మనిషి ఆయన. కిందటేడు పక్షవాతమొచ్చి కుడి చెయ్యి స్వాధీనం తప్పింది, కుడి కాలు కాస్త ఈడుస్తారు. వ్యాయామం చేయించడానికి ఆసుపత్రి నుంచి ఒకమ్మాయి వస్తే, "చెయ్యెత్తు, చెయ్యి దించు అని నాకు చెబుతుందా? ఊళ్లో సగం మందికి ఆ మాట చెప్పింది నేను!" అని గుమ్మంలోంచే పంపించేశారు.

అలాంటి మాస్టారు రోజూ పదింటికల్లా బాబాయి ఇంట్లో హాజరు.

"ఛీ! ఇదేం చెయ్యయ్యా? దోమల్ని తోలుతున్నట్టుంది! తుపాకీ గొట్టంలో మందు దట్టించే కడ్డీ పైకి లాగాలంటే మోచెయ్యి భుజం దాటాలి. ఇలా!" అని గొడుగు అందుకునేవారు. గొడుగు వణుక్కుంటూ ఛాతీ దాకా లేచేది.

"ఎంతసేపు ఉంచాలి మాస్టారూ?"

"ఇరవై లెక్కపెట్టు."

"సరిగ్గా పట్టలేదు. మళ్లీ ఒక్కసారి చూపించరూ?"

శుక్రవారం సాయంత్రం పిన్ని కాఫీ తెచ్చేసరికి ఆ చివరి సైనికుడి చెయ్యి భేషుగ్గా ఉంది. హమ్మయ్య అనుకునే లోపే బాబాయి కూనిరాగం తీస్తూ ఆ చెయ్యి పుటుక్కున కత్తిరించి, వంకరగా అతికించాడు.

పిన్నికి ఒళ్లు మండిపోయింది. "మతి పోయిందా? బాగున్న చెయ్యి విరగ్గొడతారా!"

"మాస్టారికి నచ్చదేమోనని..." అని నసిగాడు బాబాయి.

"చూపించకుండానే?" అని పిన్ని వెళ్లి బకెట్ తెచ్చి బల్ల పక్కన పెట్టింది.

ఆదివారం పదింటికి మాస్టారు వచ్చారు. పిన్ని బకెట్ పట్టుకుని నిలబడే ఉంది. మాస్టారు సైనికుణ్ణి చూడగానే అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "మళ్లీ అదే తప్పా? మూడు నెలల్నుంచి ఎవరికయ్యా చెబుతున్నాను, గోడకా?" అంటూ గొడుగు లాక్కుని ఒక్క ఊపున పైకెత్తారు. గొడుగు భుజం దాటింది, చెవి దాటింది, నడినెత్తి మీదికెళ్లి, పట్టు తప్పి ధబేల్మని బల్ల మీద పడింది. రెండు వరసల సైన్యం ఎగిరిపోయింది. ఒకడు నీళ్ల జగ్గులో మునిగాడు.

పిన్ని కళ్లు మూసుకుంది. ఆ బల్ల మీద ఈగ వాలితేనే ఊరుకోని మనిషి, ఇప్పుడేమైపోతాడో!

"దాటింది!" అని గంతేశాడు బాబాయి. "మాస్టారూ, చెవి దాటేసింది!"

మాస్టారు ఇంకా పైనే ఉన్న తన చేతిని, ఎవరిదో అన్నట్టు చూసుకుంటున్నారు.

బొమ్మలు ఏరబోయిన పిన్నికి రంపపు పొట్టు కింద ఓ మడత కాగితం దొరికింది. మాస్టారి కోసం ఆసుపత్రి అమ్మాయి బాబాయికి రాసిచ్చిన వ్యాయామాలు: చెయ్యి పైకెత్తి ఇరవై లెక్కపెట్టాలి, రోజుకు పదిసార్లు. పక్కన బాబాయి దస్తూరీలో తేదీలు, వాటికెదురుగా ఛాతీ, ఛాతీ, గడ్డం, గడ్డం, ముక్కు.

పిన్నికి మొగుణ్ణి తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. సగం వెనక్కి తీసుకుంది. మిగతా సగం న్యాయమైనవే. కాగితం తిరగేస్తే వెనక వైపు కాలి వ్యాయామాలున్నాయి. మాస్టారి కంట పడకుండా దాన్ని కొంగున దోపుకుని, పడిపోయిన ఓ సైనికుణ్ణి తీసి, గుట్టుగా కుడి కాలు విరిచింది.

"మాస్టారూ, వీడి మోకాలు చూశారా? తేడాగా ఉన్నట్టు లేదూ?"

"ఏదీ? ఛీఛీ! ఇలా నడిస్తే యుద్ధానికి కాదు కదా, సంతకి కూడా పోలేడు! రేపు పదింటికొస్తాను."

బాబాయి భూతద్దం తీసి మరీ పెళ్లాం వంక చూశాడు.

ఇంతలో బెల్లు మోగింది. అక్క లోపలికొస్తూనే బల్ల వంక చూసి ముక్కు మీద వేలేసుకుంది. "ఏమే, ఈ యుద్ధం ఇంకా అవ్వలేదుటే?"

"ఇంకా మొదలే అవ్వలేదక్కా" అంది పిన్ని, బావగారి చేతికి గొడుగిస్తూ. "మీరు కూర్చోకండి బావగారూ. ఆ కుడి మోకాలు కాస్త వంచండి."