ఎడమ చెవి గాటు గొర్రెలు

నా పెళ్లిచూపుల రోజున నేను గొర్రెల మందను దొంగిలించాను. పట్టపగలు, ఈల వేసుకుంటూ, దారిన పోయేవాళ్లకు రాంరాం చెప్పుకుంటూ తోలుకొచ్చాను. అది దొంగతనమని నాకు తెలియదు, అంతే. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వుకోండి. తరువాత నాకు ఏడుపొచ్చే చోట నవ్వితే ఊరుకోను.

హైదరాబాదు రాష్ట్రం ఆంధ్రతో కలిసిన మరుసటి ఏడు సంగతి. నాకు ఇరవై ఉంటాయేమో, ఎవరు రాసిపెట్టారు గనుక? మా నాయిన గొర్రెలన్నీ నా చిన్నప్పుడే కరువుకు పోయాయి. నేను నకిరేకల్ బజారులో బస్తాలు మోస్తూ పెరిగాను. బస్తాలతో ఒక సుఖముంది, పెట్టిన చోటనే ఉంటాయి.

మా అక్క నాకొక సంబంధం చూసి, గుట్టల కింద ఉన్న బావ వాళ్ల బావికాడికి పిలిపించింది. పిల్ల తండ్రి పక్క ఊరి మనిషి, మంద ఉన్నవాడు. మంద కాయడం రాని వాడికి పిల్లనివ్వనని ముందే చెప్పాడట. అక్క వెనకాముందు చూడకుండా, "మా తమ్ముడు పుట్టుడే గొర్లల్ల పుట్టిండు" అనేసింది.

వారం రోజులు వాగు చూశాను, గుట్ట చూశాను, జొన్నచేలలో పిట్టలను చూశాను. గొర్రెల వంక మాత్రం చూడలేదు. పిల్ల తండ్రి వచ్చే రోజు పొద్దున బావ నా చేతికి కర్ర ఇచ్చాడు.

"బామ్మర్దీ, గాయన వచ్చేటాళ్లకు నువ్వు మందతోని కనవడాలె. మనయి కుడి చెవి కొసకు గాటుంటది, యాదున్నదా?"

"గది గూడ చెప్పాల్నా బావా?" అన్నాను. గాటు సంగతి అప్పుడే మొదటిసారి విన్నాను.

మందను తోలుకుని గుట్ట దగ్గరికి పోయేసరికి సీతాఫలాలు కళ్లు తెరిచి నన్నే చూస్తున్నాయి. ఒకటి తిన్నాను. ఒక్క సీతాఫలంతో ఆగిన మనిషి ఎవరైనా ఉంటే నాకు చూపించండి. తింటూ తింటూ గుట్ట ఎక్కాను, అవతలి వైపు దిగాను, గింజలు ఊస్తూ వెనక్కి వచ్చాను. మంద లేదు! ఒక్క గొర్రె కూడా లేదు. నేల మీద పెంటికలు మాత్రం ఉన్నాయి.

నాకు పిల్ల రాకపోతే పోయింది, బావ బతుకే ఆ మంద. అక్క ముఖం ఎట్లా చూడాలి? పొదపొదకూ పోయి "బ్యా" అని అరిచాను. ముళ్లు గీసుకున్నాయి, తలపాగా ఎక్కడో చిక్కుకుని ఉండిపోయింది. కనబడిన దేవుళ్లకూ కనబడని దేవుళ్లకూ మొక్కాను. యాదగిరిగుట్ట మెట్లన్నీ మోకాళ్ల మీద ఎక్కుతానన్నాను. ఆ మొక్కు ఇంకా బాకీనే.

మొక్కు ఫలించింది. వాగు పక్కన తుమ్మచెట్ల నీడలో మంద హాయిగా నెమరు వేస్తోంది! వాటిని చూసి నిజంగానే ఏడ్చాను. ఒక గొర్రెను కావలించుకున్నాను కూడా. చెవి? నా చెంప దానికే ఆని ఉంది. చూడలేదు.

మెల్లగా, బతిమాలుకుంటూ, ఒక్క దెబ్బ వేయకుండా తోలుకొచ్చాను. దొడ్డి దగ్గర అక్క నిలబడి ఉంది. ఆమె నోరు తెరిచింది, మూయలేదు.

"తమ్మీ... ఇవెవలియిరా?"

"ఎవలియేంది? మనయే!"

"మనయి నీళ్ల యాళ్లకు వాటంతట అవే వచ్చినయి గదరా! రోజూ వస్తయి!"

దొడ్డిలోకి తొంగి చూశాను. బావ మంద మొత్తం తొట్టి దగ్గర నిలబడి, ఆలస్యంగా వచ్చిన చుట్టాన్ని చూసినట్టు నన్ను చూసింది. బావ వచ్చి ఒక గొర్రె చెవి పట్టుకున్నాడు.

"ఎడమ చెవికి గాటు!" ఇంకో గొర్రె చెవి కూడా పట్టి చూశాడు. "ఓ దేవుడా, గీ గాటు ఎవలదో ఎరికేనా? పిల్ల తండ్రిది!"

తిరిగి తోలేద్దామని కర్ర ఎత్తానో లేదో, అదిగో, ఆయనే. పెళ్లిచూపులకు పంచె కట్టుకున్న మనిషి, దాన్ని మోకాళ్ల పైకి ఎగ్గట్టి, డెక్కల జాడ పట్టుకుని వస్తున్నాడు. వెనక ఆయన బిడ్డ సత్తెమ్మ, చేతిలో కర్ర. తండ్రి ఇటు బయలుదేరాడని ఆ రోజు మంద ఆమె కాస్తోంది. ఆమె నీళ్లు తాగడానికి వాగులోకి దిగిన కాసేపట్లోనే నేను నా ఘనకార్యం చేశాను. ఆమె కేకలు విని, దారిలో ఉన్న తండ్రి ఉరికొచ్చాడట.

"ఎవడు వాడు? నా మంద తోలుకొచ్చిన దొంగ ఎవడు?"

అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. బావ ఆకాశం చూశాడు. నేనే ముందుకు జరిగి, "నేనే మామా" అన్నాను. భయంలో వరస కలిసిపోయింది.

"మామనా! దొంగకు పిల్లనిస్తనా నేను? నడువు పంచాయితికి!"

అప్పుడు సత్తెమ్మ నన్ను కాలి నుంచి తల దాకా చూసింది. గీసుకున్న మోకాళ్లు, పాగా లేని తల, గడ్డానికి అంటిన సీతాఫలం గుజ్జు.

"బాపూ, దొంగయితే సంతకు తోల్తడు. చుట్టాల దొడ్డికి తోల్తడా? గీయన దొంగ గాదు. ఒట్టి తెలివిలేనోడు."

తండ్రి గొర్రెల ఒళ్లు తడిమి చూశాడు. ఒక్క దెబ్బ లేదు, ఒక్కటీ కుంటడం లేదు.

"కొట్టలే," అన్నాడు నెమ్మదిగా.

"కొట్టుడు గూడ రాదు బాపూ. గిసొంటోన్ని ఒక్కన్ని ఇడిస్తె తప్పిపోతడు," అన్నది సత్తెమ్మ.

వచ్చిన వేసవిలోనే మా పెళ్లయింది.

యాభై దాటాక ఊరి బడిలో పెద్దల వరుసలో కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చినాక నాకై నేను రాసిన మొదటి కాగితం ఇది: "ఇకమీదట చెవి చూడకుండా ఏ జీవాన్నీ ఇంటికి తోలుకురానని, సీతాఫలాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను." కింద సంతకం పెట్టి సత్తెమ్మకు చదివి వినిపించాను.

ఆమె కాగితం పక్కన పెట్టింది. నా కుడి చెవి పట్టుకుని చూసింది, ఎడమ చెవి పట్టుకుని చూసింది.

"గాటు లేదు," అన్నది. "బయట జర పైలం. నీ అసొంటోడే ఎవడన్న తోలుకపోతడు."